చనిపోయిన తాబేలు ముందు ఉపేక్ష అంటే ఏమిటి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకూ వీలుగా ఉంటుంది. మీది ఒంగోలు, ఉద్యోగం చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద. విపశ్యన ధ్యానం పదిరోజుల కోర్సు రెండుసార్లు చేశారు, రోజూ ధ్యానానికి కూర్చుంటున్నారు. జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున పాలవాక్కం బీచ్‌లో వాకింగ్‌కి వెళ్తే మూడు తాబేళ్లు చనిపోయి కనిపించాయి. కడుపు తరుక్కుపోయింది. ఇంటికొచ్చి గంట కూర్చుంటే మనసు కుదుటపడింది. ఆ కుదుటపడటమే ఇప్పుడు మిమ్మల్ని తినేస్తోంది. "తలనొప్పికి మాత్ర వేసుకున్నట్టు ధ్యానాన్ని వాడుకున్నానా? సమతతో చూడమంటే చూస్తూ ఊరుకోమనా? బీచ్‌లో తాబేళ్ల కోసం పనిచేసేవాళ్లతో కలిస్తే నా సాధన చెడుతుందా?" అని అడిగారు. రాత్రంతా వాళ్లతో ఒడ్డున నడిచి వస్తే పొద్దున ధ్యానానికి కూర్చోవడం మానేయవచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న.

నేను చెన్నై వచ్చి 26 ఏళ్లయింది. తిరువాన్మియూర్‌లో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా కూర్చుంటున్నాను, 14 సీజన్లుగా తాబేళ్ల కోసం రాత్రుళ్లు ఒడ్డున నడుస్తున్నాను. ఈ రెండూ నాలో కొన్నేళ్లు పోట్లాడుకున్నాయి. అందుకే మీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి వెళ్లిపోవాలనిపించలేదు.

అసలు చిక్కు మాట దగ్గరే మొదలవుతుంది. కోర్సులో మీరు విన్న సమతకు పాళీలో పేరు ఉపేక్ఖా, సంస్కృతంలో ఉపేక్ష. తెలుగువాళ్లకు ఆ మాట వినగానే ఏం గుర్తొస్తుంది? "తప్పు చేసినవాళ్లను ఉపేక్షించేది లేదు" అని పేపర్లో మంత్రి అన్న మాట. మన వాడుకలో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం, నిర్లక్ష్యం. కానీ ఆ మాట లోపల ఉన్నది ఈక్షణం, అంటే చూపు. పరీక్ష, నిరీక్షణ, సమీక్ష అన్నిటిలో ఉన్నదీ అదే. ఉప అంటే దగ్గర. దగ్గరగా, తొణకకుండా చూడటం. చూడాల్సిన మాట మన భాషలోకి వచ్చేసరికి చూడకపోవడం అయిపోయింది. ధ్యానం చేసే చాలామంది తెలుగువాళ్లలో ఈ రెండో అర్థమే తెలియకుండా పనిచేస్తుందని నా అనుభవం. నాలోనూ పనిచేసింది.

బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ఐదో శతాబ్దంలో రాసిన విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో దీన్ని చాలా సూటిగా పట్టుకున్నాడు. మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాళ్ల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష నాలుగింటికీ ఒక్కోదానికి దూరపు శత్రువు, దగ్గరి శత్రువు ఉంటాయంటాడు. దూరపు శత్రువును ఎవరైనా గుర్తుపడతారు. మైత్రికి ద్వేషం, కరుణకు క్రూరత్వం. దగ్గరి శత్రువు మాత్రం అచ్చం అసలుదానిలాగే కనిపిస్తూ లోపలికి వస్తుంది. మైత్రికి దగ్గరి శత్రువు మమకారం. కరుణకు దుఃఖం. ఉపేక్షకు, తెలియనితనంలోంచి వచ్చే ఉదాసీనత. నిమ్మకు నీరెత్తినట్టు ఉండటం అంటామే, అది.

ఇప్పుడు ఆ ఉదయాన్ని ఇంకోసారి చూడండి. తాబేళ్ల ముందు మీకు వచ్చిన ఏడుపు కరుణే. కానీ అది అక్కడే ఆగిపోతే దుఃఖమవుతుంది, మనిషిని కుంగదీస్తుంది, వారం తర్వాత బీచ్‌కి వెళ్లడమే మాన్పిస్తుంది. ఇంటికొచ్చాక దొరికిన ప్రశాంతతలో తప్పేమీ లేదు. అది నిజంగా ఉపేక్షా, లేక దాని వేషం వేసుకున్న ఉదాసీనతా అన్నది గంట కూర్చున్నప్పుడు తెలియదు. లేచాక మీ కాళ్లు ఎటు నడిచాయన్నదాన్ని బట్టి తెలుస్తుంది. మర్నాడు అదే ఒడ్డుకు వెళ్లగలిగితే, తాబేలును దగ్గరగా చూడగలిగితే, చేయాల్సిన ఫోన్ చేయగలిగితే మీరు కూర్చున్న గంట సార్థకం. ఆ వైపే వెళ్లొద్దులే అనిపిస్తే ఇంకా పని మిగిలి ఉంది.

నా సంగతి చెప్తాను. మూడో కోర్సు అయ్యాక నాకు గట్టి నమ్మకం కుదిరింది, ఇక నన్ను ఏదీ కదపదని. ఆ ఫిబ్రవరిలో ఒడ్డున ఒక తాబేలు పడి ఉంది. కళ్లు ఉబ్బి, మెడ వాచి, ముందు రెక్క ఒకటి వల తాడు కోసిన చోట తెగి ఉంది. "అనిత్యం" అనుకుని పక్కనుంచి నడిచి వెళ్లిపోయాను. మర్నాడు ఇంకొకటి. మళ్లీ అదే మాట. నాలుగు రోజుల తర్వాత చనిపోయిన తాబేళ్లను లెక్కపెట్టే ఒక కుర్రాడు కలిస్తే మాటల్లో ఈ రెండింటి గురించి చెప్పాను. అప్పటికి అలలు వాటిని లాక్కెళ్లిపోయాయి. ఆ కుర్రాడు నన్నేమీ అనలేదు. నోట్‌బుక్ తీసి, "ఏ రోజు? ఎక్కడ? ఎంత పొడవు? రెక్క ఏ వైపుది?" అని అడిగాడు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. చూశాననుకున్నాను, నేను చూడలేదు. శరీరంలో వేలి కొసన దురదను కూడా వదలకుండా గమనించడం నేర్చుకున్న నేను, కళ్లెదుట పడి ఉన్న ప్రాణి ఏ రెక్క తెగిందో గమనించలేదు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు నా సాధనకు చాలా మేలు చేసింది.

ఆ లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. తాబేలు చేప కాదు, గాలి కోసం నీటిపైకి రావాలి. గుడ్లు పెట్టే కాలంలో ఇవి ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయి. సరిగ్గా అక్కడే ట్రాలర్లు, అంటే పెద్ద మరపడవలు, వల లాగితే అందులో చిక్కి, పైకి రాలేక, ఊపిరాడక చనిపోతాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో కొట్టుకొచ్చినప్పుడు అది దేశమంతా వార్త అయింది. ఆ వార్త వెనక రోజూ పొద్దున్నే నడిచి, ఒక్కోదాన్నీ కొలిచి, రాసుకున్నవాళ్ల శ్రమ ఉంది. రాయని తాబేలు ఎవరి లెక్కలోకీ రాదు.

తర్వాతి ఏడాది నేను రెండో గోతిలో పడ్డాను. ఈసారి కోపం. ఒడ్డు పక్క కుప్పంలో, అంటే జాలర్ల పేటలో, వలలు బాగుచేసుకుంటున్న జాలర్ల మీద నాకొచ్చిన అరకొర తమిళంలో అరిచాను, మీవల్లే చస్తున్నాయని. వాళ్లవి చిన్న ఫైబర్ పడవలు. పెద్ద ట్రాలర్లు వాళ్ల వలలనూ చింపుతాయి, వాళ్ల చేపలనూ ఊడ్చుకుపోతాయి. అది తెలుసుకోకుండా అరిచాను. అక్కడున్న పెద్దాయన తలెత్తి చూసి మళ్లీ వల మీదికి వంగాడు. పది రోజుల తర్వాత, రాత్రి రెండు గంటలప్పుడు, ఆయనే చీకట్లోంచి వచ్చి చెయ్యి ఊపుతూ మమ్మల్ని పిలిచాడు. పడవల మధ్య ఒక తాబేలు ఎక్కి గుడ్లు పెట్టి వెళ్లిందట. కుక్కలు తవ్వకుండా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను క్షమాపణ అడిగాను. ఆయన "పరవాయిల్లై" (పర్వాలేదు) అని బీడీ వెలిగించుకున్నాడు. కోర్సులో పదో రోజు నేర్పిన మైత్రి భావన ఎవరిని ఉద్దేశించి చేయాలో నాకు అప్పుడు తెలిసింది. తాబేలు మీద మైత్రి సులువు, తాబేలు మనల్ని ఎదిరించి మాట్లాడదు. వల పట్టుకున్న మనిషిని కూడా అందులోకి తెచ్చుకోగలిగితేనే అది మైత్రి. మైత్రి గురించి బుద్ధుడి బోధ అయిన మెత్తసుత్తం చెప్పేది కూడా అదే కదా, కనిపించేవి, కనిపించనివి, దూరంగా ఉన్నవి, దగ్గరగా ఉన్నవి, అన్నీ సుఖంగా ఉండాలని. ఎవరినీ బయట నిలబెట్టలేదు.

ఇక బీచ్‌లో పనిచేస్తే సాధన చెడుతుందా అన్న ప్రశ్న. టెక్నిక్‌లు కలపొద్దని మీకు కోర్సులో చెప్పి ఉంటారు, ఆ మాట పాటించండి. తాబేళ్ల నడకలో మీరు కొత్త టెక్నిక్ ఏదీ చేయనక్కర్లేదు. ఆ నడక ఎలా ఉంటుందో చెప్తే మీకే తెలుస్తుంది.

చెన్నైలో స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అనే విద్యార్థుల బృందం 1988 నుంచి తాబేలు గుడ్లను కాపాడే ఈ పని చేస్తోంది. సీజన్‌లో నీలాంకరై నుంచి బెసంట్ నగర్ దాకా రాత్రిపూట ఒడ్డు వెంట నడుస్తారు. టార్చ్ వేయరు, వెలుగు చూస్తే ఒడ్డెక్కబోయే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. గట్టిగా మాట్లాడరు. మొదటి అరగంట మీకు మీ ఆలోచనలే వినిపిస్తాయి. ఆఫీసు, అద్దె, నిన్నటి గొడవ. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటుపడతాయి. తడి ఇసుక, పొడి ఇసుక పాదానికి తేడాగా తెలుస్తాయి. గాలి ఏ చెంపకు తగులుతోందో తెలుస్తుంది. మీరు వెతికేది ఒక్క గుర్తు కోసం. నీళ్లలోంచి పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగిపోయిన జాడ, రెండు రెండున్నర అడుగుల వెడల్పున ట్రాక్టర్ టైరు దొర్లినట్టు. మనసు ఒక్క నిమిషం ఎటో పోయినా ఆ జాడ మీద కాలేసి దాటిపోతాం. నాకు తెలిసి ఇంతకన్నా నిక్కచ్చిగా ఏకాగ్రతను పరీక్షించే చోటు లేదు. భిక్షువులు చేసే చంక్రమణం, అంటే నడుస్తూ చేసే ధ్యానం, వందల గంటలు చేశాను. అక్కడ మనసు జారితే నాకు తప్ప ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ జారితే వంద గుడ్లు కుక్కల పాలవుతాయి.

జాడ దొరికాక అనుభవం ఉన్నవాళ్లు గూడు చోటు వెతికి చేత్తో తవ్వుతారు. ఇది అటవీశాఖ అనుమతి ఉన్నవాళ్లే చేయాలి, మీ అంతట మీరు ఎప్పుడూ తవ్వకండి. మోచేయి దాటి చెయ్యి దిగాక వేళ్లకు మొదటి గుడ్డు తగులుతుంది. పింగ్‌పాంగ్ బంతి అంత ఉంటుంది, కానీ గట్టిగా ఉండదు. పెంకు తోలులా మెత్తగా, కాస్త జిగురుగా, నొక్కితే సొట్టపడేట్టు ఉంటుంది. ఏ గుడ్డు ఎలా ఉందో అలాగే, దొర్లించకుండా ఎత్తి, గూటిలోని తడి ఇసుకతో పాటు సంచిలో పెట్టాలి. ఒక్కటొక్కటిగా లెక్కపెడతారు. వందకు పైగానే ఉంటాయి చాలాసార్లు. ఆ లెక్క నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. నేను మొదటిసారి పట్టుకున్న గుడ్డు ఆ లెక్కలో 61వది. నా ఊపిరి ఎక్కడ ఉందో, వేళ్లెంత బిగిసి ఉన్నాయో అంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు.

ఆ గుడ్లను హ్యాచరీలో, అంటే వాటిని కాపాడే కంచె వేసిన చోట, మళ్లీ పాతిపెడితే 45 నుంచి 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడో మగో తేలుతుంది. వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ, మరీ పెరిగితే గుడ్లోనే చనిపోతాయి. అంటే మన వాతావరణ మార్పు నేరుగా ఆ గుంటలోకి దిగుతోంది. బయటికొచ్చిన పిల్ల వెలుగున్న వైపు పాకుతుంది. ఒకప్పుడు రాత్రి సముద్రం మీది మెరుపే ఒడ్డున అన్నిటికన్నా వెలుగు. ఇప్పుడు వీధి దీపాలు, హోటల్ దీపాలు. వెయ్యి పిల్లల్లో ఒకటో రెండో పెద్దవవుతాయంటారు. ఇక్కడే ఉపేక్ష పరీక్షకు నిలబడుతుంది. మీరు వందింటిని ఒడ్డున వదిలి, అవి తడి ఇసుక మీద పాకుతూ మొదటి అల తగలగానే మాయమవడం చూస్తారు. వాటిలో ఒక్కటీ మిగలకపోవచ్చు. మీకు ఎప్పటికీ తెలియదు. అయినా రేపు రాత్రి మళ్లీ వస్తారు. ఫలితం చేతిలో లేదని తెలిసి కూడా పనిలో ఒక్క గింజ తగ్గించకపోవడం, నాకు ఉపేక్ష అంటే అర్థమైంది ఇలాగే.

ఇదంతా బౌద్ధంలో కొత్తగా అతికించినది కాదు. వానాకాలంలో తిరిగితే పచ్చని మొలకలు, చిన్న ప్రాణులు కాళ్ల కింద నలుగుతున్నాయని జనం అంటేనే భిక్షువులకు మూడు నెలలు ఒక్కచోట ఉండే వర్షావాసం నియమం వచ్చింది. చెట్టును నరకకూడదు, నేలను తవ్వకూడదు, ప్రాణులున్న నీటిని వాడకూడదు, పచ్చిక మీదా నీళ్లలోనూ ఉమ్మకూడదు అని వినయంలో, అంటే భిక్షువుల నియమావళిలో, ఉంది. భిక్షువు దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి. అశోకుడు ఐదో స్తంభ శాసనంలో చంపకూడని జంతువుల జాబితా ఇస్తే అందులో తాబేలు ఉంది, అడవులను ఊరికే తగలబెట్టొద్దనీ ఉంది. మనుషులకూ పశువులకూ మందు మొక్కలు నాటించి, బావులు తవ్వించానని చెప్పిన ఆయన మాటలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఒక ఆదివారం ఎగ్మూర్ మ్యూజియంకి వెళ్లండి. అమరావతి శిల్పాలు అక్కడ ఒక గ్యాలరీ నిండా ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డు సున్నపురాయి. పాత పలకల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. చెట్టు ఉంటుంది, కింద ఖాళీ ఆసనం ఉంటుంది, పాదాల గుర్తులు ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఆ శిల్పికి బుద్ధుణ్ని చూపించాలంటే రావిచెట్టు సరిపోయింది. నేను ఆ పలక ముందు చాలాసేపు నిలబడతాను. పాదాల గుర్తు కోసం చీకట్లో వెతికే అలవాటు ఉన్నందుకేమో, అది నన్ను కదిలిస్తుంది.

ఇప్పుడు మీరు చేయగలిగినది. మళ్లీ చనిపోయిన తాబేలు కనిపిస్తే పారిపోకండి. ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో శ్మశానంలో పడి ఉన్న శవాన్ని చూసి "నా శరీరమూ ఇలాంటిదే, ఇలాగే అవుతుంది" అని గమనించమనే భాగం ఉంది. మీకు ఆ శ్మశానం పాలవాక్కంలోనే దొరికింది. ముట్టుకోకుండా పక్కన నిలబడి రెండు నిమిషాలు ఊపిరి గమనించండి. గొంతులో ఏం జరుగుతోందో, కడుపులో ఏం జరుగుతోందో చూడండి. తర్వాత తాబేలును చూడండి. గాయం ఎక్కడ, రెక్కలు ఉన్నాయా, డిప్ప పగిలిందా. ఫోటో, సమయం, చోటు. అటవీశాఖకో, బృందంలో ఎవరికో చెప్పండి. ఈ మొత్తానికి పది నిమిషాలు. ఇది చేశాక ఇంటికెళ్లి కూర్చోండి. అప్పుడు వచ్చే ప్రశాంతత మిమ్మల్ని తినదు.

చెన్నైలో బాగుచేయాల్సినవి వంద ఉన్నాయి. పళ్లికరణై చిత్తడి నేల, అడయార్ నది, కూవం. అన్నిటికీ పరుగెత్తితే రెండు నెలల్లో అలసిపోయి అన్నీ వదిలేస్తారు, ఇలా వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. ఒక్క చోటు ఎంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలలు, మీ వర్షావాసం అనుకోండి, వారానికి ఒక రాత్రి. ఊళ్లో పెళ్లి ఉంటే తప్ప మానను అని మొదటిరోజే నిర్ణయించుకోండి. రోజూ ఒకే ఆసనం మీద కూర్చుంటేనే ధ్యానం కుదిరినట్టు, ఒకే ఒడ్డు మీద నడుస్తుంటేనే ఆ ఒడ్డు మీకు తెలుస్తుంది.

ఇంట్లో వస్తువులను వృథా చేయకపోవడం గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసినవే. ఒక్క కథ మాత్రం. బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి ఐదు వందల వస్త్రాలు దానంగా వస్తే ఇన్ని ఏం చేసుకుంటారని ఉదయన రాజు అడిగాడు. చిరిగిన చీవరాలున్న (చీవరం అంటే భిక్షువు కట్టుకునే వస్త్రం) భిక్షువులకు ఇస్తామన్నాడు ఆనందుడు. మరి పాతవి? దుప్పట్లు. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. అవి పాతవైతే నేల మీద పరుచుకుంటాం, తర్వాత కాళ్లు తుడుచుకుంటాం, తర్వాత దుమ్ము దులుపుతాం, చివరికి ముక్కలు చేసి మట్టిలో కలిపి గోడకు మెత్తుతాం అన్నాడు. మా అమ్మమ్మ చీరలు బొంతలై, బొంతలు మసిగుడ్డలవడం చూసిన నాకు ఇది పరాయి ధర్మంలా అనిపించలేదు. ఇంకో చిన్న హెచ్చరిక, పుణ్యం వస్తుందని అక్వేరియం షాపుల్లో చిన్న తాబేళ్లు కొని గుడి కోనేట్లోనో చెరువులోనో వదిలేవాళ్లున్నారు. చెవి దగ్గర ఎర్రచార ఉండే రకం మన దేశానిది కాదు, మన తాబేళ్ల తిండినీ చోటునూ లాక్కుంటుంది. దయచేసి అలా వదలకండి.

చివరి ప్రశ్నకు జవాబు. మానకండి, కానీ గంట అని పట్టుబట్టకండి. నడక బెసంట్ నగర్‌లో ముగిసేసరికి నాలుగు దాటుతుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోండి, వేళ్ల సందుల్లో ఇసుక ఎంత కడిగినా కాస్త మిగులుతుంది. ఇరవై నిమిషాలు కూర్చోండి. కునుకు వస్తే వచ్చిందని గమనించండి, ఆపుకోలేకపోతే లేచి పడుకోండి. సాయంత్రం సిట్టింగ్ మాత్రం మామూలుగా గంట చేయండి.